వాణి అడిగిన చోటు

వాణికి నెలలు నిండకుండా పుట్టిన ఆడపిల్ల ఊపిరి తీసుకోలేదు. పక్షం తిరగక ముందే వాణి మళ్లీ నంద్యాల కాలేజీకి పాఠాలు చెప్పడానికి బయల్దేరింది.

"పచ్చి ఒళ్లు, బస్సులో యాడికి పోతావమ్మా," అంది ఆళ్లగడ్డలో అత్త వెంకటమ్మ. ఇంట్లో అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతుంటే ఉండలేకపోయింది వాణి. ఏడుపు మాత్రం రాలేదు. ఇదంతా వేరెవరికో జరిగినట్టుంది.

ఆ పొద్దు ఇంటర్ పిల్లలకు స్ఫటికాల పాఠం. బోర్డు మీద ఘనం గీసి మూలమూలకూ చుక్క పెట్టింది.

"ఇది యూనిట్ సెల్. ఇట్లాంటి గదులే పక్కన, పైన, కింద పేర్చుకుంటూ పోతే స్ఫటికం. మూలనున్న పరమాణువు ఎనిమిది గదులకు ఉమ్మడి. ఒక గదికి ఎనిమిదో వంతే వస్తుంది."

"దాన్ని ముక్కలు కోస్తారా మేడమ్?" ముందు బెంచీలో జాహ్నవి అనే అమ్మాయి అడిగింది.

"కొయ్యరు. లెక్క కోసం పంచుకుంటాం, అంతే."

ఘనం నడిమధ్యన ఇంకో చుక్క పెట్టి, వెంటనే చెరిపేసింది. "ఒక్కోసారి ఈడ ఉండాల్సిన పరమాణువు ఉండదు."

"లేనిదాన్ని యాడుందని రాయాల మేడమ్?" మళ్లీ జాహ్నవే అడిగింది.

"అది లేకపోయినా చోటుంటుంది కదా. ఈ మూల నుంచి మూడు వైపులా సగం సగం పోతే ఆ చోటే."

అనేసి, సుద్దముక్క పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. తన బిడ్డను పూడ్చిన చోటు తనకు తెలియదు. ఆసుపత్రిలో మత్తులో ఉండగానే అంతా అయిపోయింది. తర్వాత తను అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

పిల్లలు తలలు వంచుకున్నారు. పక్క క్లాసు నుంచి కమలాక్షమ్మ మేడమ్ ఎప్పుడొచ్చిందో, వాణి పైట సర్ది బయటికి నడిపించింది. అప్పుడు చూసుకుంది వాణి. పాలు కారి జాకెట్టు తడిసిపోయింది.

"పాలు ఆగేదానికి మాత్రలియ్యలేదామ్మా?"

"ఇచ్చినారు. వేసుకోలేదు."

స్టాఫ్ రూమ్ పక్క బాత్రూంలో పాలు పిండేసింది. అవి తూములోంచి పోతుంటే కుళాయి నీళ్లను చూసినట్టే చూసింది.

మధ్యాహ్నం బస్సు దిగేసరికి ఆళ్లగడ్డ బస్టాండులో మొగుడు మహేష్ బండితో ఉన్నాడు.

"బిడ్డను యాడ పెట్టినావు?"

అతను తాళం చెవి తిప్పబోయి ఆగాడు. "మన చేని గట్టు కాడ."

"చూపించు."

"ఇప్పుడా? ఎండగుంది వాణీ."

"ఉండనీ."

శనగ చేను దాటి గట్టు చివరికి నడిచారు. నల్లమట్టి మీద ముండ్ల కంప పరిచి ఉంది.

"కుక్కలు తవ్వుతాయని ఏసినా," అన్నాడు.

వాణి పక్కన గొంతుక్కూర్చుంది. "ఎవరు ఎత్తకచ్చినారు?"

"నేనే. ఎవరికీ ఇయ్యల్యా. అమ్మ అడిగినా ఇయ్యల్యా. ఈడికొచ్చేదాంక ఒళ్లోనే పెట్టుకున్న్యా." అతను అటు తిరిగి, భుజాలు కదిలేట్టు ఏడ్చాడు. ఇంట్లో ఒక్కనాడూ ఏడవని మనిషి.

వాణి లేచి అతని వీపు మీద చెయ్యి వేసింది. ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి. ఆ చెయ్యి మాత్రం తీయలేదు.

అట్లాగే అడిగింది. "అన్నం తిన్న్యావా?"

"లేదు."

"నేనూ తినలేదు. పోదాం పా."