జెన్సీ కోసం ఆగే బంతి

తొంభై ఒకటిలో, శనివారం పొద్దున్నే సిడ్నీ హారిస్ పార్క్‌లోని విలియం ఇంటి ముందు అతని తమ్ముడి పాత హోల్డెన్ కారు వచ్చి హారన్ కొట్టేది. విలియం కూతురు సెరీనా గ్లవ్ ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో ఇరుక్కునేది. కిటికీ పక్క చోటు అప్పటికే బాబాయి కూతురు జెన్సీది. వయసులో చిన్నదైనా ఎప్పుడూ దానిదే.

వాళ్ళ బేస్‌బాల్ లీగ్ పిల్లల్ని హైస్కూల్ జట్లకి తయారుచేసేది. కొట్టగానే బ్యాట్ పారేసి పరుగెత్తమని కోచ్ నోరీన్ ఆంటీ గొంతు చించుకునేది. క్రికెట్ ఇళ్ళ పిల్లలేమో బ్యాట్ చంకలో పెట్టుకునే ఉరికేవాళ్ళు. సెరీనా అన్నీ మోకాళ్ళు చెక్కుకుపోయేలా నేర్చుకుంది. జెన్సీకి ఆ బాధే లేదు. ఎవరు విసిరినా బంతి దాని ముందుకొచ్చి గాలిలో ఆగేది. జెన్సీ జడ సర్దుకుని, చెమట తుడుచుకుని, తీరిగ్గా కొట్టేది. ఈలోగా అంపైర్ మంచినీళ్ళు తాగేవాడు. అవతలి జట్టు తల్లులు, "కమాన్ లవ్, ఎండ మాడ్చేస్తోంది" అనేవాళ్ళు.

"నేనేం చెయ్యను అక్కా, మా పిల్లని చూస్తే బంతే ఆగుతుంది" అనేది జెన్సీ తల్లి కళావతి.

"ఆగదూ మరి!" అనేది సెరీనా తల్లి అమృతం. ఇంటికొచ్చాక మాత్రం, "దానికి ఆగే బంతి నీకెందుకాగదే? ప్రార్థన చేసుకుంటున్నావా?"

"రోజూ చేస్తున్నా మమ్మీ."

ఏమని చేస్తోందో చెప్పలేదు. తనకి ఆగాలని కాదు, జెన్సీకి ఆగకూడదని.

హైస్కూల్ జట్టులో అమ్మాయిలకి ఒక్క చోటే ఇస్తామన్నారు. సెలెక్షన్ రోజు సెరీనాని విసరమన్నారు, జెన్సీని కొట్టమన్నారు.

సెరీనాకి ఒకటే లోపం. విలియం బాపట్లలో పేరున్న క్రికెట్ బౌలర్. మోచెయ్యి వంచి విసరడం ఆ ఇంట్లో దొంగతనం కింద లెక్క. బేస్‌బాల్‌లో వంచితేనే వేగం. "బెండ్ ఇట్, డార్ల్" అని నోరీన్ ఆంటీ ఎంత మొత్తుకున్నా ఆ పిల్ల చెయ్యి కర్రలా తిరిగేది.

మొదటి బంతి ఆగింది. జెన్సీ జడ విప్పి, మళ్ళీ అల్లుకుని, కంచె దాటేలా కొట్టింది. స్కూల్ కోచ్ తలూపాడు.

సెరీనాకి కడుపులో భగ్గుమంది. ఆ మంట భుజంలోకి ఎక్కి, మోచేతి దాకా దిగి, అక్కడ మడతపడింది.

"ఏయ్, చెయ్యి!" విలియం అరిచాడు.

బంతి అప్పటికే వెళ్ళిపోయింది. ఆగలేదు. జెన్సీ చెయ్యి ఇంకా జడ మీదే ఉంది. తర్వాతదీ ఆగలేదు. నాలుగోదానికి జెన్సీ కంగారుగా బ్యాట్ ఊపి, గిర్రున తిరిగి మట్టిలో కూలబడింది.

చోటు సెరీనాది. నోరీన్ ఆంటీ వాటేసుకుంది. అమృతం కళావతి వైపు తిరిగి, "పాపం, పిల్లకి దెబ్బ తగల్లేదు కదా" అంది, నవ్వు ఆపుకోలేక.

సెరీనా జెన్సీనే చూస్తోంది, ఎప్పుడు ఏడుస్తుందా అని. జెన్సీ ఏడవలేదు. మట్టిలోనే కూర్చుని, పొట్ట పట్టుకుని, ఊపిరాడకుండా నవ్వుతోంది.

"అక్కా! ఇట్ జస్ట్ వెంట్! చూశావా? ఇంకొక్కటి వెయ్యవా, ప్లీజ్, ఒక్కటే!"

ఇన్నేళ్ళ ఆటలో తనకి ఒక్కసారైనా అంత నవ్వు రాలేదని సెరీనాకి అప్పుడు తట్టింది. చేతిలో బంతి వీపు వెనక్కి దాచేసింది.

"టైమైపోయింది" అంది.