తరగని సీసా

స్నానాలగదిలో ఆ ఖరీదైన షాంపూ సీసా ఏడాదిగా తరగడం లేదు. అంటే భార్య తనకి తెలియకుండా కొత్తవి కొంటోందన్నమాట! చిరిగిన కాలరు తిప్పి కుట్టించుకుంటున్న గుమాస్తాకి ఒళ్లు మండింది. ఆదివారం కాపు కాసి మరీ పట్టుకున్నాడు. ఆవిడ చౌకరకం ప్యాకెట్లు కత్తిరించి అదే సీసాలోకి పిండుతోంది.

“అమ్మాయితో అనకండి. ఈ సీసాలోది తప్ప ఇంకేదీ పడదంటుంది.”

గుమాస్తా పొట్ట పట్టుకుని నవ్వాడు. “పిచ్చిమొహంది, ఇట్టే నమ్మేసిందే!”

నవ్వుతూనే వంటింట్లోకి వెళ్లాడు. అక్కడ కంపెనీ పేరున్న తన ఖరీదైన కాఫీపొడి డబ్బా కనబడింది. మూడేళ్ల కిందట తన చేయి జారి పడినప్పటి సొట్ట మూతమీద ఇంకా అలాగే ఉంది. పొద్దున్నే కదా, “ఎంతైనా ఖరీదైన పొడి రుచే వేరు” అని లొట్టలేశాడు!

“ఏమేవ్!” అని కేకేశాడు.

ఆవిడకి హఠాత్తుగా పెరట్లో పని గుర్తొచ్చింది.