గోలెంలో ఏడు కొర్రమట్టలు

స్వరూప పొద్దున్నే మొహం కూడా కడుక్కోకుండా నీళ్ల గోలెం దగ్గరికి వెళ్లింది. చేను పక్క కుంట ఎండిపోతుంటే, బురదలో మిగిలిన నాలుగు కొర్రమట్ట చేపలను తెచ్చి వాకిట్లోని ఈ సిమెంటు గోలెంలో వేసింది. మీద జాలీ, దాని మీద రాయి. కుంటలోకి మళ్లీ నీళ్లు వచ్చేదాకా అవి బతికుంటే చాలు. రాత్రి కూడా రెండుసార్లు లేచి రాయి కదల్లేదని చూసుకుంది.

జాలీ తీసింది. నాలుగు కాదు, ఏడున్నాయి.

"ఏమయ్యా, గిండ్ల చేపలెవరేసిండ్రు?"

భర్త మల్లేశ్ నోట్లోంచి వేపపుల్ల తీశాడు. "నేనే. ఇయ్యాల మిర్గం కార్తె గద, చేప తినాలె. అక్క, బావ తిమ్మాజిపేట నుంచి వస్తుండ్రు. రాత్రి వనపర్తికెళ్లి మూడు తెచ్చిన. నీ చేపల జోలికి పోవద్దంటివి, పోలే."

"బకెట్ల వేయకపోయినవ్?"

"ఎగిరి దుంకుతున్నయి. దీనికి జాలీ ఉన్నది గదా."

స్వరూప వంగి చూసింది, ఏడూ ఒకేలా ఉన్నాయి. చేపల కాలేజీ నుంచి వచ్చిన సుహాసిని ఎంత విడమరిచి చెప్పింది! అమ్మకానికి పెంచేవన్నీ కొద్దిపాటి తల్లిచేపల సంతానమేనట. ఒక రోగం తగిలితే అన్నీ ఒకేలా పోతాయట. ఈ కుంటలోకి బయటి చేప ఎన్నడూ రాలేదు కాబట్టి వీటి వంశం వేరు, వాన పడ్డాక మళ్లీ అక్కడే వదలండి, వేరేవాటితో కలపొద్దు అంది.

మల్లేశ్ చెయ్యి ముంచి ఒకదాన్ని పట్టుకున్నాడు. "ఇది నాది. బలిసింది చూడు."

"నావి బలువలేదా? రోజూ వానపాములు తవ్వి మేపుతున్న."

అతని పట్టు సడలింది. చేప జారి నీళ్లలో పడింది.

అరుగు మీద నుంచి అత్త రామేశ్వరమ్మ అందుకుంది. "చేపలకు గూడ ఇంటిపేర్లు చూస్తున్నది నా కోడలు! మిర్గం నాడు ఆడబిడ్డకు ముక్క లేకుండ పంపుతవా?"

స్వరూప ఫోన్ చేసింది. సుహాసిని కంగారుపడింది. "కంటితో తేల్చలేమక్కా. రెక్కలోంచి చిన్న తునక తీసి పరీక్ష చేయాలి. ఎల్లుండి నేనే వస్తా. అప్పటిదాకా దేన్నీ కోయొద్దు. ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి, విడివిడిగా ఉంచండి."

మల్లేశ్ కత్తి తెచ్చాడు. "ఏడింట్ల ఒక్కటి. నాదే అయితది తియ్."

"కాకపోతే?"

అతను గోలెంలోకి చూశాడు. కత్తి అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

స్వరూప ఇంట్లోకి పరుగెత్తింది. బిందెలు, బకెట్లు, కాగు, అన్నం వండే పెద్ద గిన్నె, అన్నీ వాకిట్లోకి వచ్చాయి. ఒక్కో దానిలో ఒక్కో చేప. మూతల మీద రాళ్లు, రోకలి, ఇస్త్రీపెట్టె. ఒకటి చేతుల్లోంచి జారి మట్టిలో ఎగిరెగిరి పడుతుంటే కొంగుతో పట్టి తెచ్చింది.

అప్పుడే ఆటో ఆగింది. ఆడబిడ్డ సరోజ మొగుడితో దిగి వాకిలంతా చూసింది. "ఏందే స్వరూపా, గిన్నెలన్నీ బయటేసినవ్? ఇల్లు ఖాళీ చేస్తున్నరా?"

"ఎండు చేపలున్నయి వదినె, పులుసు పెడత."

"నా బిడ్డకు ఎండు చేపలా!" రామేశ్వరమ్మ లేచి నిలబడింది.

మల్లేశ్ కత్తి చూరులో చెక్కి, బండి తాళం తీసుకున్నాడు. "మళ్ల పోయొస్త."

"ఈసారి ఆడనే కోయించుకొని రా. ఇంట్ల ఒక్క గిన్నె గూడ లేదు," అంది స్వరూప.

సరోజకు నవ్వాగలేదు. రామేశ్వరమ్మ మాత్రం నవ్వలేదు.

కాళ్లకు నీళ్లిద్దామని స్వరూప చెంబు అందుకుంది. వెనక కాగు మూత ఠప్పుమంది. చెంబు అక్కడే వదిలి ఉరికింది.