మూడు చుక్కల గుర్తు

నేను ఒక డీజిల్ ఇంజన్ని. ఆరు సిలిండర్లవాణ్ణి. కొన్నేళ్ళు బస్సు లాగాను, కొన్నేళ్ళు ఐస్ ఫ్యాక్టరీలో జనరేటర్ తిప్పాను. ప్రస్తుతం విజయవాడ ఆటోనగర్‌లో, పిచ్చేశ్వరరావు అనే పాత ఇనుము వ్యాపారి షెడ్డు ముందు, నాలాంటి మరో నలుగురి పక్కన ఒరిగి పడి ఉన్నాను. ఎండ మధ్యాహ్నం దాకా నా మీదికి రాదు. పక్కన లారీ క్యాబిన్ ఒకటి నిలబెట్టారు, దాని నీడ నాకు పడుతుంది. ఎవరూ నా కోసమని పెట్టింది కాదు గానీ, నీడ నీడే.

మనుషులు ఒకర్నొకరు ముఖం చూసి గుర్తుపడతారు. మాకందరికీ ఒకటే ముఖం. అందుకని పుట్టినప్పటినుంచీ ఎవరో ఒకరు మా ఒంటి మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటారు. పోత పోసినవాళ్ళు అచ్చులోనే తమ అక్షరాలు ఉబ్బెత్తుగా పెట్టారు. కార్ఖానావాళ్ళు డీజిల్ పంపు పైన, చదునుగా గీసిన జాగాలో, సుత్తితో కొట్టి నంబరు వేశారు. డిపోవాళ్ళు తెల్లరంగుతో ఇంకో నంబరు రాశారు. రంగు వేడికి పోయింది. కొట్టిన నంబరు బందరు దగ్గర ఐస్ ఫ్యాక్టరీలో ఉప్పుగాలికి తుప్పు పట్టి, పొరలు పొరలుగా రాలిపోయింది. ఇప్పుడు నా ఒంటి మీద చదవడానికి మిగిలినవి మూడు చుక్కలు.

అవి పెట్టినవాడు మస్తాన్‌వలి, బస్సుల వర్క్‌షాపు మెకానిక్. ఇంజను విప్పినప్పుడు ఆయన మొదట చేసే పని, లోపలి రాడ్లకీ వాటి మూతలకీ పంచ్‌తో చుక్కలు పెట్టడం. ఒకటో దానికి ఒక చుక్క, రెండో దానికి రెండు, అలా ఆరు దాకా. ఏ మూత ఆ రాడ్డుకే చేరాలి. ఒకదాని మూత ఇంకోదానికి బిగిస్తే నెల తిరక్కుండా బేరింగ్ పోతుంది. మనుషులు జంటలు కలిపేటప్పుడు ఇంత జాగ్రత్త తీసుకుంటారో లేదో నాకు తెలియదు.

అంతా బిగించాక, బయట, పంపు కింద మూల మీద మూడు చుక్కలు త్రికోణంగా కొట్టేవాడు. అది ఆయన సంతకం. ఇంజను తొందరగా పాడై తిరిగొస్తే ఎవరు బిగించారని ఎవరూ వెతుక్కోనక్కర్లేదు. తప్పు జరగకముందే ఒప్పుకుని పేరు రాసిపెట్టిన మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

ఆయన నన్ను బిగించిన వారం నా పక్క స్టాండు మీద ఇంకో ఇంజను ఉండేవాడు. ఒకే కార్ఖానా, ఒకే నెల. అన్న అనుకుందాం. అన్నకి ఎడమ పక్కన, మూడో సిలిండరు దగ్గర బీట పడితే మస్తాన్‌వలి దాన్ని కాల్చి, ఇత్తడి పోసి అతికాడు. జానెడు పొడుగున పచ్చటి గీత. ఆ తరవాత మా ఇద్దరికీ మూడేసి చుక్కలు పడ్డాయి. వర్క్‌షాపులో పద్ధతి ఏమిటంటే, ఏ బస్సు నుంచి దించిన ఇంజను ఆ బస్సుకే పోదు. బస్సు ఖాళీగా నిలబడకూడదు కాబట్టి సిద్ధంగా ఉన్నది ఎత్తి పెట్టేస్తారు. అన్నని కొండ్రు యేసుదాసు అనే డ్రైవరు బస్సుకి ఎక్కించారు. నన్ను అదే డిపోలో, అదే కరకట్ట రూటులో, అరగంట వెనక నడిచే బస్సుకి ఎక్కించారు.

కృష్ణ కుడిపక్కన, అరటితోటలు ఎడంపక్కన. ఇప్పటికీ నాకు కలలాంటిది ఏదన్నా ఉంటే అదే. ఎక్కడానికి ఒక ముసలమ్మ చేయెత్తితే నా డ్రైవరు కాలు తీసేవాడు, నేను ఊపిరి పీల్చుకునేవాణ్ణి, ఆవిడ గంప పైకి చేరేదాకా ఇద్దరం ఆగేవాళ్ళం. ఐస్ ఫ్యాక్టరీలో ఇవేవీ లేవు. పదకొండేళ్ళు ఒకటే వేగం, ఒకటే గోడ. చేయెత్తేవాళ్ళు లేరు. మా బస్సులు పాతబడి పోయినప్పుడు అన్ననీ నన్నూ ఒకే రోజు వేలం వేశారు. నన్ను ఐస్‌వాళ్ళు పాడుకున్నారు. అన్నని ముక్కలు చేసి కొలిమికి తీసుకుపోయారు.

ఈ ఆదివారం ఉదయం ఇద్దరు ముసలివాళ్ళు షెడ్డులోకి వచ్చారు. ఒకాయన మస్తాన్‌వలి. గడ్డం తెల్లబడింది గానీ వేళ్ళు అవే. రెండో ఆయన్ని గొంతు విని పోల్చుకున్నాను. డిపోలో అన్న బస్సు డ్రైవరు, యేసుదాసు.

"ఏం కావాలి బాబాయ్?" అన్నాడు పిచ్చేశ్వరరావు, పళ్ళు తోముతూనే.

"బస్సింజను ఒకటి," అని యేసుదాసు జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. "దీనిది."

మస్తాన్‌వలి తొంగి చూసి తల కొట్టుకున్నాడు. "బస్సు నంబరు రాసుకొచ్చావా దాసూ? ఊళ్ళో కొట్లన్నీ ఈ కాగితం చూపిచ్చే తిరిగావా?"

"నాలుగు కొట్లు తిరిగాను. ఎవడూ తెలీదన్నాడు."

"తెలీదంటారు మరి. ఇంటి నంబరు చెప్పి, పదేళ్ళ కిందట అద్దెకున్నోళ్ళు ఏరీ అంటే ఎవరు చెప్తారు? ముప్ఫై ఏళ్ళు తోలావు. ఒక్కరోజన్నా ఇంజను నంబరు చూశావా?"

"చూడ్డానికి నువ్వుండావుగా. నా పని తోలడం."

"ఇప్పటికన్నా నన్ను పిలిచావు, నయం."

పిచ్చేశ్వరరావు నోరు కడుక్కుని వచ్చాడు. "కొనేదుంటే తొందరగా చూసుకోండి. మధ్యాహ్నం లారీ వస్తది. అయిదూ ఫౌండ్రీకి పోతన్నాయి."

"కొనం బాబూ. ఒకసారి వినాలి."

"వినాలా?"

"ఆడితే, చప్పుడు వినాలి."

"తూకానికొచ్చినోళ్ళని చూశాను, బేరానికొచ్చినోళ్ళని చూశాను. పాటకచేరీకి వచ్చింది మీరే బాబాయ్."

యేసుదాసుకి కోపం రాలేదు. పక్కనున్న పాత టైరు మీద కూర్చున్నాడు. "కొత్తపాలెం మలుపులో మా ఇల్లు. మా ఆవిడ సంపూర్ణ. నా బండి కాలవ లాకుల కాడ ఉండంగానే చప్పుడు పట్టేసేది. నేను మలుపు తిరిగేసరికి అన్నం క్యారేజీతో రోడ్డు మీదుండేది. బండి పది నిమిషాలు లేటయినా, గంట లేటయినా అంతే. ముందొచ్చి ఎండలో నిలబడిందీ లేదు, నన్ను ఆపిందీ లేదు. పోయి రెండేళ్ళయింది."

పిచ్చేశ్వరరావు మొహం తుడుచుకుంటున్న తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"ఎట్లా పడతావే అని అడిగితే, నీ బండి చప్పుడు నాకు తెలీదా అనేది. అదెట్టుంటదో నాకు తెలీదు బాబూ. నేనెప్పుడూ లోపలే. పక్కన ఇంజను, వెనక అరవై మంది. దూరాన్నుంచి వస్తా ఉంటే ఎట్లా వినపడుద్దో ఒక్కసారీ వినలా. సంపూర్ణ విన్నట్టు ఒకసారి వినాలని."

పిచ్చేశ్వరరావు లోపలికి తిరిగి, "బ్యాటరీ చార్జింగులోంచి తీసుకొస్తా, ఉండండి," అని తనే వెళ్ళాడు.

ఆ ఇల్లు నాకు తెలుసు. ఆ మలుపు నేనూ తిరిగాను, రోజూ, అరగంట వెనక. ఒక్కోరోజు యేసుదాసు బస్సు బాగా ఆలస్యమై, ముందు నేనే వచ్చేవాణ్ణి. ఆవిడ అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతూ ఉండేది. నా చప్పుడుకి ఆ చేట ఆగేది కాదు. ఒకే కార్ఖానాలో పుట్టి, ఒకే చేతుల్లో బిగిసిన మాకిద్దరికీ తేడా ఉందని వర్క్‌షాపు పెద్దలెవరూ ఒప్పుకోరు. ఆవిడకి మాత్రం ఉంది. నేను ఎన్ని వందలసార్లు ఆ మలుపు తిరిగానో, ఆవిడ ఒక్కసారీ తలెత్తలేదు. మా బస్సు ఖాళీగా ఏమీ వెళ్ళేది కాదు. అయినా అక్కడికి వచ్చేసరికి ఏదో ఖాళీగా అనిపించేది.

మస్తాన్‌వలి కిరసనాయిలు గుడ్డతో మమ్మల్ని వరసగా తుడుస్తూ వచ్చాడు. మొదటిదానికి చుక్కలు లేవు. రెండోదానికి లేవు. మూడోదాని మూల విరిగిపోయింది, కాసేపు తడిమి వదిలేశాడు. నాలుగోదానికి ఎవరిదో వేరే గుర్తు. నా దగ్గర కూర్చుని పంపు కింద రుద్దాడు. తుప్పు కింద నుంచి మూడు చుక్కలు తేలాయి.

"ఉన్నాయా?" అని యేసుదాసు టైరు మీంచి లేచాడు.

"ఉన్నయ్యి."

యేసుదాసు వంగి, చూపుడువేలితో ఒక్కో చుక్కా తాకాడు. నా జన్మలో నన్నలా తాకినవాళ్ళు లేరు.

కానీ మస్తాన్‌వలి చెయ్యి అప్పటికే నా ఎడమ పక్కకి వెళ్ళింది, మూడో సిలిండరు దగ్గరికి. అక్కడ గ్రీజు, దుమ్ము కలిసి గట్టిగా పేరుకుని ఉంది. గోటితో కొంచెం గీకాడు. పచ్చటి గీత కోసం చూస్తున్నాడని నాకు తెలుసు. మామూలు ఇనుము కనిపించింది. ఇంకొంచెం కింద గీకాడు. అక్కడా ఇనుమే. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. నాకు నోరుంటే నేనే చెప్పేవాణ్ణేమో, నేను కాదని. లేక ఊరుకునేవాణ్ణేమో.

మస్తాన్‌వలి గీకిన గ్రీజుని బొటనవేలితో మళ్ళీ అక్కడే మెత్తి, లేచి నిలబడ్డాడు.

"ఇదే దాసూ."

"ఖాయమేనా?"

"నా చేతి గుర్తు నేనెరగనా?"

ఆ మాటలో అబద్ధం లేదు. మూడు చుక్కలూ ఆయనవే.

ఇక అక్కణ్ణించి హడావుడి అంతా యేసుదాసుది. సైలెన్సరు లేకపోతే గొంతు మారిపోతుందని పట్టుబట్టి, కుప్పలోంచి ఒకటి వెతికించి, తీగతో కట్టించాడు. నీళ్ళ బాటిల్లో డీజిల్ పోసి కొక్కేనికి వేలాడదీశారు.

"రేడియేటరు నీళ్ళు లేకుండా ఎంతసేపు ఆడుద్ది?" అని పిచ్చేశ్వరరావు అడిగాడు.

"నాలుగు నిమిషాలు. కొలిమికి పోయేదానికి అంతకన్నా ఏం కావాలి?" అన్నాడు మస్తాన్‌వలి.

"లాకుల కాడ్నించి మలుపు దాకా అదే నాలుగు నిమిషాలు," అన్నాడు యేసుదాసు. "మూడో గేర్లో వస్తా ఉన్నట్టు పెట్టు. చివర్లో తగ్గించు. నేను వీధి చివరికి పోతున్నా."

చేతికర్ర టకటకలాడిస్తూ వెళ్ళిపోయాడు. ఆదివారం కాబట్టి లేతు మిషన్లన్నీ మూసి ఉన్నాయి. వీధి అంత నిశ్శబ్దంగా వారంలో ఇంకే రోజూ ఉండదు.

మూడుసార్లు దగ్గాను. నాలుగోసారి మంట అందుకుంది. మస్తాన్‌వలి చెయ్యి పంపు లివరు మీద ఉంది. అన్నలా ఆడాలని నేను ఎంత అనుకున్నా, అన్న చప్పుడు ఎలా ఉండేదో నాకు గుర్తు రాలేదు. ఆ మాటకొస్తే నా చప్పుడైనా దూరానికి ఎలా వెళ్తుందో నాకూ తెలియదు. ఆరో సిలిండరు మొరాయిస్తున్నా లయ తప్పకుండా ఆడటం ఒక్కటే నా చేతిలో ఉంది. అదే చేశాను.

ఇక్కణ్ణించి చూస్తే వీధి చివర యేసుదాసు బొటనవేలంత ఉన్నాడు. మా వైపు తిరిగి, రోడ్డు అంచున నిలబడి ఉన్నాడు.

"పోల్చుకున్నాడంటావా?" అన్నాడు పిచ్చేశ్వరరావు.

మస్తాన్‌వలి అటే చూస్తున్నాడు. "బాటిల్లో ఇంకాస్త పొయ్యి," అన్నాడు.

లివరు మెల్లగా వదిలాడు, మలుపు వస్తున్నట్టు. నా వేగం తగ్గింది. అప్పుడు వీధి చివర ఆ మనిషి కర్రని చంకలో పెట్టుకుని, రెండు చేతులూ ముందుకి చాపి, అంచు దిగి రోడ్డు మీదికి ఒక్క అడుగు వేశాడు. ఎవరికో క్యారేజీ అందించేవాళ్ళు అలాగే నిలబడతారు.

నేను ఉన్నచోటే ఉండి, ఆయన దగ్గరికి వస్తూనే ఉన్నాను.