గంగారం నుంచి ఇరవై పొట్లాలు

మా ప్రియకు పీహెచ్‌డీ ఇంటర్వ్యూ పిలుపు వచ్చినప్పుడు నేను కొత్తగూడలో ఒక రైతు కల్లం మీద మిరపకాయలు విరిచి చూస్తున్నాను. ఫోన్‌లో దాని గొంతు సంతోషంగా లేదు, భయంగా ఉంది.

"రెండు రోజులట బాపూ. హైదరాబాద్ల. శనివారం ల్యాబులన్ని తిప్పి చూపిస్తరు, రాత్రికి అక్కడి పిల్లలతోని భోజనం. ఆదివారం ఇంటర్వ్యూ. పద్దెనిమిది మందిని పిలిచిన్రు, ఆరుగురినే తీసుకుంటరట."

మూడింట ఒకటి. నా లెక్కలో చెడ్డ బేరం కాదు. ఆ మాటే దానితో అన్నాను.

"నేను బేరం కాదు బాపూ," అని ఫోన్ పెట్టేసింది.

మహబూబాబాద్ మార్కెట్ దగ్గర నాకు మిర్చి కొట్టు ఉంది. తండాలో పుట్టి, సైకిల్ మీద ఊరూరా తిరిగి ఇప్పపువ్వు, చింతపండు కొని అమ్మిన వాణ్ణి. చదివింది ఏడో తరగతి. ఏ సరుకైనా చేతిలోకి తీసుకుంటే దాని తేమ, వయసు, ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పగలను. నా కూతురి చదువు ఒక్కటే చేతికి అందని సరుకు. ఎంత పెట్టుబడి పెట్టానో తెలుసు కానీ ఎంత పండిందో తెలియదు.

కిందటేడు ఇంకో ఊళ్లో ఇలాంటి ఇంటర్వ్యూకే వెళ్లింది. మొదటి ప్రశ్నకే గొంతు మూసుకుపోయిందట. తిరిగొచ్చి పది రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అందుకే ఈసారి ఇంట్లో అందరం భయపడ్డాం. నా భార్య తుల్సీబాయి భయం బట్టల మీదికి పోయింది.

"పెద్దోళ్ల ముందల కూసుంటవ్. చీర కట్టుకోవే."

"నేను పెండ్లిచూపులకు పోతలేనే యాడీ." అమ్మను అది తండా మాటలోనే పిలుస్తుంది.

"మరి గా ప్యాంటు మీద పోతే ఏమనుకుంటరు?"

"ప్యాంటేసుకుంది అనుకుంటరు."

ప్రియ రోజూ కొట్లోకి వచ్చి, నన్ను బస్తా మీద కూర్చోబెట్టి, నా ముందు నిలబడి ఇంగ్లీషులో చెప్పుకునేది. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మధ్యలో మిర్చి ఘాటుకు తుమ్మేది. హమాలీ గట్టమ్మ నవ్వేది, "బిడ్డ మంత్రం జదువుతున్నదే బలరామన్నా, గాలి దిగుతదా?" అని. నేనూ నవ్వేవాణ్ణి. అది మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవడం చూసి నవ్వు ఆపేసేవాణ్ణి.

ఇంటర్వ్యూకు నాలుగు రోజుల ముందు భూపాలపల్లి వెళ్లాం. డిగ్రీలో దానికి పాఠం చెప్పిన ప్రేమలత మేడం బదిలీ మీద అక్కడి కాలేజీకి వెళ్లింది. ఆమె కూడా పీహెచ్‌డీ చేసింది. అసలు ఇంటర్వ్యూకు ముందు తానే ఒక ఉత్తుత్తి ఇంటర్వ్యూ చేస్తానంది. బొగ్గు గనుల కాలనీలో, వాళ్ల ఆయనకిచ్చిన క్వార్టర్లో ముందుగదిలో కూర్చున్నాం.

ప్రియ ఇంగ్లీషులో మొదలుపెట్టింది. మేడం చెయ్యెత్తి ఆపింది.

"ముందు తెలుగుల చెప్పు. మీ బాపుకు సమజ్ అయ్యేటట్టు చెప్పు. ఆయనకు సమజ్ అయితే ఎవరికైనా అయితది."

అప్పుడు ప్రియ నా వైపు తిరిగి కూర్చుంది. రెండేళ్లుగా తాను చేసిన పనేమిటో నేను మొదటిసారి విన్నాను.

"బూజు పట్టిన మిరపకాయల ఒక విషం పుడతది బాపూ. కంటికి కానరాదు. కడిగినా పోదు, ఎండబెట్టినా పోదు. తిన్నకొద్ది కార్జాన్ని ఖరాబ్ చేస్తది. నేను ఎమ్మెస్సీల ఆ విషాన్నే కొలిచిన. దంతాలపల్లి, కొత్తగూడ, గంగారం, ఒక్కో మండలం నుంచి ఇరవై పొట్లాలు. ఆ ఏడు మార్చిల వాన పడి అందరి కల్లాలు తడిసినయి కదా, అందరి కాయల విషం ఉండాలె. గంగారంల ఎక్కువ వాన, ఎక్కువ ఉండాలె. కని గంగారం ఇరవై పొట్లాలల్ల దాదాపు లేదు!"

"ఎందుకు లేదు?" అంది మేడం.

"గదే నా ప్రశ్న మేడం. ఆ అడవి నేలల బూజును పెరగనియ్యని మంచి సూక్ష్మజీవి ఏదో ఉన్నదని నా అనుమానం. దాన్ని వెతుకుత అని రాసిన. గందుకే పిలిచిన్రు. తీసుకుంటే ఈ మార్చిల అక్కడి సారే గంగారం వచ్చి కాయలు తీసుకుంటడట."

నా వీపు మీద చెమట పట్టింది. జనవరి నెల అది.

ఆ పొట్లాలు తెచ్చింది నేను. అప్పుడు దానికి పరీక్షలు. సంచులిచ్చి, "బస్తా నడుమ చెయ్యి పెట్టు, ఏ కాయ వస్తే గదే తియ్యి," అని చెప్పింది. అలాగే తీశాను. తీసి కొట్టుకు తెచ్చి, చాప మీద పోసి, నల్లమచ్చ కాయను, బూజు కాయను ఏరేశాను. మా వ్యాపారంలో మచ్చు అంటే అంతే. సరుకు ఎలా ఉన్నా, చూపించే గుప్పెడు శుభ్రంగా ఉండాలి. ఏరని మచ్చు పట్టుకుపోయిన వాణ్ణి మార్కెట్లో పిచ్చివాడంటారు. కొత్తగూడవీ దంతాలపల్లివీ కొద్దిగా ఏరాను. గంగారంవి మాత్రం సగానికి సగం తీసేయాల్సి వచ్చింది. సంచి వెలితిగా ఉంటే బాగుండదని దంతాలపల్లి మంచి కాయతో నింపాను.

నా బిడ్డ వెతుకుతానంటున్న ఆ సూక్ష్మజీవి నా రెండు చేతులే.

"వాళ్ళు ముందల గిదే అడుగుతరు," అంటోంది మేడం. "పొట్లాలు ఎవరు తెచ్చిన్రు, ఎట్ల తెచ్చిన్రు?"

"మా బాపు. బస్తా నడుమకెల్లి, ఏరకుండ."

మేడం నవ్వుతూ నా వైపు చూసింది. "అంతేనా బలరామన్నా?"

"అంతే మేడం," అన్నాను.

తిరుగు బస్సులో ప్రియ కిటికీ దగ్గర కూర్చుని కాగితాలు చదువుకుంటోంది. నేను లెక్క వేసుకుంటున్నాను. చెబితే ఇప్పుడే నష్టం. ఇంటర్వ్యూకే పోనంటుంది, పోయినా గొంతు లేవదు. చెప్పకపోతే ఇప్పుడు లాభం, మార్చిలో మునక. ఆ సారు గంగారం వస్తాడు. తన చేత్తో కాయ తీస్తాడు. బూజు కనబడుతుంది. మార్కెట్లో ఒకసారి ఇసుక కలిపి దొరికిన వాణ్ణి నేనెరుగుదును. ఇరవై ఏళ్లయినా వాడి బస్తా వస్తే అడుగు దాకా కోసి చూస్తారు. చదువుకున్న వాళ్ల మార్కెట్ ఇంకెంత గట్టిదో!

అన్ని లెక్కల్లోనూ చెప్పడమే తక్కువ నష్టం. అయినా రెండు రోజులు చెప్పలేదు. అన్నం కలిపి వదిలేసి లేచేవాణ్ణి. "పరీక్ష పిల్లకా, నీకా?" అని తుల్సీబాయి దెప్పింది.

శుక్రవారం పొద్దున రైలెక్కాం. దాన్ని హైదరాబాద్‌లో దింపి రావాలని నా ఆలోచన. డోర్నకల్ వైపు నుంచి వచ్చిన రైలు నిండా జనం ఉన్నారు. ఎలాగో ఇద్దరికీ చోటు దొరికింది. కాజీపేట దాటింది. ఘనపురం దాటింది. ప్రియ కళ్లు మూసుకుని పెదవులు కదుపుతోంది. "ఏరకుండ" అనే మాట ఇంగ్లీషులో ఎలా అంటారో నాకు తెలియదు కానీ, అది ఆ మాటే చెప్పుకుంటోందని అనిపించింది.

"ప్రియా, గా పొట్లాలు ఏరిన బిడ్డా," అన్నాను.

కళ్లు తెరిచింది. మొత్తం చెప్పాను, సగం సగం మాటల్లో. రైలు జనగామలో ఆగింది. ప్రియ బ్యాగు తీసుకుని దిగిపోయింది. టిఫిన్ డబ్బా పట్టుకుని నేను వెనకాల పరుగెత్తాను. రైలు వెళ్లిపోయింది.

ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని, బ్యాగులోని కాగితాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"అయితే దంతాలపల్లి కాయకు గంగారం పేరు పెట్టి రెండేండ్లు చదివిన నేను."

"తెల్వక చేసిన బిడ్డా. మాకు మచ్చంటే ఏరి పెట్టుడే కదా."

"తెల్వకనా?" అది నా వైపు తిరిగింది. నేను బస్తా మూతి విప్పి చూసినట్టు చూసింది నన్ను. "అన్నిటిని ఒక్కతీరు ఏరితే తెల్వక చేసినట్టు. గంగారంవే సగం ఎందుకు తీసినవ్?"

వ్యాపారి బిడ్డ. ఎక్కడ నొక్కాలో తెలుసు.

"ఆ ఏడు గంగారం పంటంత నా గోడౌన్లనే ఉండె. మీ టీక్యా మామది, వాల్యా మామది, అందరిది. నీ కాయిదంల గంగారం కాయల విషమున్నదని వస్తే ఎవడు కొంటడు? నేను మునుగుత, వాళ్ళు మునుగుతరు."

"నా కాయిదం అంత పెద్దదనుకున్నవా బాపూ? ఎమ్మెస్సీ పోరగాండ్ల కాయిదం ఎవడు సదువుతడు?"

నేను టిఫిన్ డబ్బా మూత బిగించాను.

"ఏరి తీసిన కాయ ఏం చేసినవ్?"

"పారేసిన."

ఆ మాట తడుముకోకుండా వచ్చింది. నలభై ఏళ్ల అలవాటు.

అది లేచి దూరంగా వెళ్లి ప్రేమలత మేడంకు ఫోన్ చేసింది. నాకు దాని వీపు మాత్రమే కనబడుతోంది. మధ్యలో ఒకసారి భుజాలు కదిలాయి. ఏడుస్తోందో, గట్టిగా మాట్లాడుతోందో తెలియలేదు. లేచి వెళ్లడానికి ధైర్యం చాలలేదు.

తిరిగొచ్చాక అడిగాను, "మేడం ఏమన్నది?"

"ముందు నిన్ను తిట్టింది. తర్వాత నన్ను తిట్టింది, పొట్లాలు నువ్వే పోయి తెచ్చుకోవాలె గదా అని. పోయి ఉన్నదున్నట్టు చెప్పమన్నది. చెప్తే ఆదివారమే ఇంటికి పంపిస్తరేమో. చెప్పకపోతే మార్చిల దొరుకుత."

"వాపస్ పోదామా?"

"పోయి? నీ పక్కన కూసోని మచ్చులు ఏరాల్నా?"

తర్వాతి రైలు గంటన్నరకు వచ్చింది. నేనూ ఎక్కబోతే డబ్బా అందుకుని, తలుపులో అడ్డంగా నిలబడింది.

"నువ్వు రాకు బాపూ. నువ్వు పక్కన ఉంటే నాకు ఏం చెప్పాల్నో తెలుస్తలేదు. ఆదివారం ఫోన్ దగ్గర పెట్టుకో. వాళ్ళు నీతోని మాట్లాడుతమంటరేమో."

ఆదివారం కొట్టు తెరవలేదు. ఇంట్లో ఉండలేక, షట్టర్ సగం ఎత్తి లోపల కూర్చున్నాను. పదకొండుకు ఇంటర్వ్యూ. పదకొండున్నర దాటింది. పన్నెండుకు ఫోన్ మోగింది.

"బాపూ, స్పీకర్ ఆన్ చేసిన. ఇక్కడి మేడం అడుగుతరట, చెప్పు."

పెద్ద వయసు ఆడగొంతు, హిందీలో. ఆ భాష నాకు వ్యాపారంలో వచ్చిందే. ఎలా ఏరతారని అడిగింది. చూసి తీస్తాను, కొన్నిటిని విరిచి వాసన చూసి తీస్తాను అన్నాను. ఒక్కో సంచిలో ఎన్ని తీశారని అడిగింది. గుర్తున్నంత చెప్పాను. ఆమె కోప్పడటం లేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది. కోపం లేని కొనుగోలుదారు ఊరికే పోడు.

"తీసిన కాయలు పారేశారని మీ అమ్మాయి చెప్పింది. నిజమేనా?"

అవునంటే అయిపోతుంది. కాదంటే బిడ్డ వాళ్ల ముందు రెండోసారి తప్పు చెప్పిన మనిషి అవుతుంది. కానీ అవునంటే, అది మళ్లీ నా అబద్ధం మీదే తన పని కట్టుకుంటుంది. ఏ వైపు తూచినా నా బిడ్డే నష్టపోతోంది. తూచడం ఆపేశాను.

"లేదు మేడం. పారెయ్యలేదు. మిల్లుకు పంపి కారం పట్టించాను. ఆ పొట్లాల కాయలే కాదు, గోడౌన్లో తడిసిన గంగారం సరుకంతా అలాగే పోయింది. అమ్మేశాను."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది.

"ఆ కారం మీ ఇంట్లో వాడారా?"

"లేదు. మా ఇంటికి మంచికాయ ఏరి వేరే దంచుకుంటాం."

ఈ మాట చెప్పేదాకా అందులో తప్పు ఉందని నాకు తట్టలేదు. మా కొట్లన్నిట్లో అంతే. చెప్పాక మాత్రం, షట్టర్ కింది నుంచి వస్తున్న ఎండలో నా చేతులు చూసుకోవడానికి భయమేసింది.

"బాపూ." ప్రియ గొంతు. స్పీకర్ ఆపి గది బయటికి వచ్చినట్టుంది. "మొన్న జనగామల పారేసిన అన్నవ్."

"అబద్ధం చెప్పిన బిడ్డా."

"నువ్వు చెప్పిందే వీళ్ళకు చెప్పిన నేను."

"నా పేరు పెట్టు. మా బాపు లంగమాట చెప్పిండు అను."

"నువ్వే చెప్పినవ్ గదా ఇప్పుడు. ఇంటర్వ్యూ చేసేటోళ్ళు ముగ్గురు కూడ రాసుకున్నరు."

"రాసుకుంటే ఏమైతది?"

"తెల్వదు. నన్ను బయట కూసోమన్నరు, పిలిచేదాక. మిల్లు ఎక్కడిది, ఏ నెలల పంపినవ్, ఎన్ని బస్తాలు, అన్ని యాది చేసుకొని పెట్టు. మళ్ల అడుగుతరట."

"నిన్ను తీసుకుంటరా?"

అవతల ఊపిరి వినబడుతోంది. అందులో కోపం ఎంతో, ఏడుపు ఎంతో, నాకు అందలేదు.

"నాకేం చెప్పలే బాపూ," అంది. "ఫోన్ పెట్టకు. వాళ్ళు పిలిచేదాక జర గిట్లనే ఉండు."

ఉన్నాను. ఫోన్ చెవికి ఆనించుకునే, మిల్లుకు పంపిన బస్తాల కోసం పాత లెక్కల పుస్తకం విప్పాను.