జిగ్‌జాగ్ కత్తెర

ఆయనకి దానమంటే పిచ్చి, చేతి చమురు వదలనంతవరకూ. అందుకే బట్టలు కుట్టి ఇల్లు నెట్టుకొచ్చే భార్య, మనసులో ఆయనకి 'దాతగారు' అని పేరు పెట్టుకుంది.

తన తల్లి పోయాక ఆవిడ బీరువాలో మిగిలిన బీపీ, మూర్ఛ మందులు చూసి దాతగారికి ప్రాణం లేచొచ్చింది. వాడని మందులు తీసుకుని లేనివాళ్ళకి ఉచితంగా పంచే ఆసుపత్రి వీధి చివరే ఉంది. ఇచ్చినవాళ్ళ ఫొటో గోడకి తగిలిస్తారు. చిక్కల్లా ఒకటే, వాటి గడువు ఎప్పుడో దాటిపోయింది. దాతగారు భార్య గుడ్డల అంచులకి వాడే జిగ్‌జాగ్ కత్తెర తీసుకుని, షీట్ల కొసన తేదీ ఉన్న ముక్క కత్తిరించి, వాటిని మందుల షాపులో అడిగి తెచ్చిన, కొత్త తేదీ ఉన్న ఖాళీ డబ్బాల్లో సర్దాడు.

"పాపం కదండీ," అంది భార్య.

"డేటు కనబడకపోతే ఎవరికి తెలుస్తుంది? ఊరికే వచ్చేవాటికి వంకలు పెడతారా?"

ఆవిడ నోరు మూసుకుంది. కళ్ళల్లో కరుణ ఒలకబోస్తూ దాతగారు గోడకెక్కాడు.

నెల తిరిగేసరికి ఆవిడ చెల్లెలు నుదుటికి కట్టుతో వచ్చింది. మూర్ఛ వచ్చి పొయ్యి పక్కనే పడిపోయిందట.

"మందులు మానేశావా?"

"ఒక్క పూట కూడా మానలేదక్కా. కొనలేక మీ వీధి ఆసుపత్రిలో తెచ్చుకుంటున్నా. బావగారికి చెప్పకు, నామోషీ."

సంచిలోంచి షీటు తీసి చూపించింది. కొసన చిన్నచిన్న పళ్ళ అంచు. తన కత్తెర గాటు తనకి తెలియదా? ఆనాడు నోరు మూసుకున్నందుకు అక్కకి తన మీద తనకే అసహ్యం వేసింది. చెల్లెల్ని వెంటబెట్టుకుని వెళ్ళి కొత్త మందు కొనిచ్చింది. ఆసుపత్రిలో జరిగింది జరిగినట్టు చెప్పి, వాళ్ళు ఫొటో దింపుతుంటే నిలబడి చూసింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక దాతగారు బీపీ మాత్ర అడిగాడు. భార్య షీటు తెచ్చి చేతిలో పెట్టింది. దాని కొస జిగ్‌జాగ్‌గా కత్తిరించి ఉంది.

"దీని మీద డేటేదే?" ఆయన షీటు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది నాదా, అమ్మదా?"

"ఊరికే వచ్చినదానికి వంకలు పెట్టకండి." ఆవిడ మంచినీళ్ళ గ్లాసు ముందుకి జరిపింది. "మీరు దానం చేసినవి మా చెల్లెలు నెల రోజులు మింగి, తల పగలగొట్టుకుంది. మీరు ఒక్కటి మింగండి."

అది మొన్న కొన్న షీటే. ఆ సంగతి మాత్రం ఆవిడ చెప్పలేదు.