ఆ ఒక్క స్విచ్ ఆపకండి

మా ఆయన సూర్యప్రకాశరావు గారు కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. ఆఫీసు ఆయన్ని వదిలింది గానీ ఆయన మటుకు కరెంటును వదల్లేదు. రాత్రి పడుకోబోయే ముందు చిక్కడపల్లిలోని మా మూడు గదుల ఫ్లాటు చుట్టూ ప్రదక్షిణ చేస్తారు. టీవీ, గీజరు, మిక్సీ, ఛార్జరు, ఏ స్విచ్ కనబడితే అది టక్కుమని ఆపేస్తారు. ఫ్రిజ్ ఒక్కదాన్నే దయతలచి వదిలేస్తారు. "ఏమోయ్, గీజర్ స్విచ్ ఆపావా?" పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ మాట వినని రోజు లేదు. పేరు పెట్టి పిలిచిన రోజూ లేదు. నా పేరు సుహాసిని. అది ఆధార్ కార్డుకి పనికొచ్చింది, ఇంట్లో మాత్రం నేను 'ఏమోయ్'నే.

పోయిన చలికాలం ఆయన గొంతు బొంగురుపోయింది. పడిశం అనుకుని మిరియాల పాలు పోశాను. మిరియాలతో పోయే రోగం కాదది. గొంతులో గడ్డ, స్వరపేటిక మొత్తం తీసేయాలి అన్నారు డాక్టరు. ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం ఇక రాదు, మెడ దగ్గర పెట్టే రంధ్రంలోంచే ఊపిరి తీసుకోవాలి అన్నారు. ఈయన తలాడించి, అక్కడ పట్టపగలు వెలుగుతున్న ట్యూబులైటు వంక చూశారు. నాకు ఏడవాలో నెత్తి కొట్టుకోవాలో తెలీలేదు.

ఆస్పత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ ఒక ఉపాయం చెప్పింది. గొంతు ఉండగానే, ఇంట్లో రోజూ అనే మాటలన్నీ ఆయన చేతే ఫోనులో రికార్డు చేయించండి, తర్వాత స్క్రీన్ మీద బొత్తాం నొక్కితే ఆయన గొంతే పలుకుతుంది అంది. మా అమ్మాయి కీర్తన అంబర్‌పేటలో ఉంటుంది, కంప్యూటర్ ఉద్యోగం. ఆ యాప్ అదే పెట్టింది.

రికార్డింగు అంత తేలిగ్గా జరిగిందనుకుంటున్నారా? మాది మెయిన్ రోడ్డు పక్క ఇల్లు. ఆటోల హారన్లు, పాత ఇనుము వాడి మైకు. చివరికి దేవుడి గదిలో కూర్చోబెట్టి, తలుపుకి రగ్గు వేలాడదీశాను. లోపల్నుంచి ఒకటే మర్యాద! "దయచేసి మంచినీళ్ళు ఇవ్వగలరా." "భోజనం సిద్ధమైనదా." నాకు ఒళ్ళు మండి తలుపు తీశాను.

"ఎవరండీ ఈయన? నాకు తెలిసినాయన ఇలా మాట్లాడరే! కసుర్లు కూడా పెట్టండి. లేకపోతే ఎవరో పరాయి మనిషి ఇంట్లో ఉన్నట్టు ఉంటుంది."

"కసుర్లు కూడానా?" అన్నారు బొంగురు గొంతుతో, సిగ్గుపడుతూ.

"అన్నీ. కూరలో ఉప్పు లేదనీ, సీరియల్ సౌండు తగ్గించమనీ, అన్నీ."

కుటుంబ సభ్యుల పేర్లు కూడా చెప్పించమంది డాక్టరమ్మ. "కీర్తనా" అని హాయిగా చెప్పారు. నా దగ్గరికొచ్చేసరికి నోరు తెరిచారు, మూశారు, మళ్ళీ తెరిచారు. చివరికి "ఏమోయ్" అన్నారు. పోనీలెండి అన్నాను. మాట బొంగురుగానే ఉంది, అయినా అది ఆయన గొంతే.

"ఇవన్నీ ఎవరి కంప్యూటర్లోకో వెళ్తాయా?" అని ఆయనకో అనుమానం వచ్చింది. ఇంటర్నెట్లో దాచొచ్చు నాన్నా అంటే ససేమిరా ఒప్పుకోలేదు. నా గొంతు నా ఇంట్లోనే ఉండాలి అన్నారు. అందుకని కీర్తన పుస్తకమంత నల్లపెట్టె ఒకటి తెచ్చి, వైఫై డబ్బా పక్కన పెట్టి వైరు తగిలించింది. నాస్ అంటారట దాన్ని. పగలు ఫోను వాడుకుంటూ ఉంటారు కదా, రాత్రి రెండింటికి ఫోనులో ఉన్నవన్నీ వైఫై మీద ఈ పెట్టెలోకి కాపీ అయిపోతాయి, ఫోను పోయినా ఫరవాలేదు అంది. "దీన్ని మాత్రం ఎప్పుడూ ఆపకండి నాన్నా" అని చెప్పి మరీ వెళ్ళింది. ఆయన సరేనన్నారు. నేను విన్నాను.

శివరాత్రి వెళ్ళిన మర్నాడే ఆస్పత్రిలో చేర్పించాం. పొద్దున్నే రమ్మన్నారని హడావిడిగా బయల్దేరి, ఆయన ఫోను హాల్లో ఛార్జింగు మీదే మర్చిపోయాం. ఆ రోజే ఆపరేషనయి, రాత్రికి ఆయనకి బాగా తెలివొచ్చాక పలక చేతికిచ్చాను. ఏం రాస్తారోనని పక్కకి వంగి చూశాను. ఆయన రాసింది: "ఇంటి స్విచ్‌లు?"

"ఆపలేదు!" అన్నాను. నర్సు ఉలిక్కిపడింది. "ఒక్కటీ ఆపలేదు. లేచి వచ్చి మీరే ఆపుకోండి."

"కీర్తనను పంపు" అని రాశారు.

"పంపను" అని చీర చెంగుతో పలక తుడిచేశాను. అదేమిటమ్మా, పేషెంటుతో పోట్లాట అంది నర్సు. పోట్లాడకపోతే నేను అక్కడే కూలబడి ఏడ్చేదాన్నని దానికేం తెలుసు!

ఇంటికొచ్చాక ఫోను బాగానే అలవాటైంది. హాల్లోంచి "ఏమోయ్" అని వినబడితే నేను వంటింట్లోంచి "ఆఁ" అనేదాన్ని. "ఆకలేస్తోంది" అన్న మాట వెనక నా కుక్కర్ విజిల్ కూడా రికార్డయిపోయింది. అది నొక్కినప్పుడల్లా స్టవ్ మీద కుక్కరే లేకపోయినా లేచి వెళ్ళేదాన్ని. కూర బావుందని చెప్పించుకోవడం మర్చిపోయాం. ఉప్పు లేదని మాత్రం ఠంచనుగా నొక్కేవారు. నేను అడిగి పెట్టించుకున్నవే కదా!

ఎండలు ముదిరాక కూలరు బయటికి తీశాం. ఆ రోజు నేను మిక్సీలో కొబ్బరిపచ్చడి రుబ్బుతున్నాను. ఆయన కూలరు ట్యాంకులో నీళ్ళు పోయడానికి వంగితే, జేబులో ఫోను జారి అందులో పడింది. అరుద్దామంటే గొంతు లేదు. మేజా మీది స్టీలు కంచం తీసి గరిటెతో కొట్టారు. కాఫీ కోసమనుకుని, "నేనేమన్నా హోటల్ సర్వర్‌నా? ఉండండి!" అని అరిచి మిక్సీ ఇంకో తిప్పు తిప్పాను. తీరా వచ్చి చూస్తే ఆయన చేతిలో నీళ్ళోడుతూ ఫోను. కూలర్ స్విచ్ ఆపి ఉంది. ఫోను మునిగిపోతున్నా సరే, ముందు స్విచ్ ఆపి ఆ తర్వాతే చెయ్యి పెట్టారన్నమాట. కరెంటాఫీసు మనిషి!

బియ్యం డబ్బాలో ఒక పూటంతా ఉంచాను. పలకలేదు. అశోక్ నగర్‌లో కోచింగు పిల్లల ఫోన్లు బాగుచేసే కొట్టుకి తీసుకెళ్తే, పాత మోడలు, మా వల్ల కాదన్నారు. నారాయణగూడలో ఉప్పలయ్య అని ఒకాయన ఉన్నాడంటే అక్కడికి వెళ్ళాం. విప్పి, భూతద్దం పెట్టి చూశాడు.

"బోర్డే పోయిందమ్మా. నీళ్ళు లోపలి దాకా పోయినయ్. లోపల ఏమన్న ముఖ్యమైనయి ఉన్నయా?"

"ఈయన గొంతుంది" అన్నాను.

ఉప్పలయ్యకి అర్థం కాలేదు. ఈయన మెడకున్న గుడ్డ చూసి అప్పుడు అర్థం చేసుకున్నాడు. "పరేషాన్ గాకుండ్రి సారూ. ఇంకో కాపీ ఏడన్న పెట్టిండ్రా?"

పెట్టాం అన్నాను ధీమాగా. కీర్తనకి అక్కణ్ణుంచే ఫోను చేస్తే, "భయమెందుకమ్మా, పెట్టెలో అన్నీ ఉంటాయి. ఆదివారం వచ్చి వేరే ఫోనులో దించేస్తా" అంది. ఆ నాలుగు రోజులూ ఇంట్లో కంచం మోతే. నీళ్ళకి కంచం, మందులకి కంచం. మొదటిరోజు నవ్వాను, రెండోరోజు విసుక్కున్నాను. మూడోరోజు ఆ టంగుమన్న చప్పుడు వినగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పిలిచేది మనిషే, కానీ పిలుపు మనిషిది కాదు.

ఆదివారం కీర్తన వచ్చి లాప్‌టాప్ తెరిచింది. చూసిందే మళ్ళీ చూస్తోంది.

"అమ్మా, ఈ నెల ఏమీ రాలేదు. పోయిన నెలా లేదు. రాత్రిళ్ళు ఇక్కడ కరెంటు పోతోందా?"

"కరెంటెక్కడ పోతోంది? పక్కింటి ఏసీలు రాత్రంతా ఆడుతూనే ఉంటాయి."

"మరి రోజూ రాత్రి పది దాటాక పెట్టె ఆగిపోతోంది. పొద్దున మళ్ళీ వస్తోంది. రెండింటికి కాపీ అవ్వాలి కదా, ఆ టైముకి ఇది ఉండటమే లేదు."

ఇద్దరం ఒకేసారి ఆయన వంక చూశాం. ఆయన పలక తీసుకుని మెల్లగా రాశారు: "మనం పడుకున్నాక దానికేం పని?"

"పడుకున్నాకే కదండీ దాని పనంతా!" అని అరిచాను. "పిల్ల చిలక్కి చెప్పినట్టు చెప్పింది కదా! సరేనన్నారు కదా!"

"పగలు ఆపలేదు" అని రాశారు.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి..." అని మొదలుపెట్టి గబుక్కున నోరు మూసుకున్నాను. ఆ సామెతలో మిగతా సగం ఈయన ముందు అనగూడదు. ఆయన పలక పక్కన పెట్టేశారు. చొక్కా జేబు తడుముకున్నారు. ఫోనుండే జేబు అది. తర్వాత అలా నేలచూపులు చూస్తూ కూర్చుండిపోయారు. ఆయన్ని అలా నేనెప్పుడూ చూడలేదు, డాక్టరు ఆ మాట చెప్పినప్పుడు కూడా. నా కోపం ఎటు పోయిందో పోయింది. తన గొంతు తన చేత్తోనే ఆపేసుకున్నానని ఆయన అనుకుంటున్నారు.

"ఆగండి" అంది కీర్తన. కిందికి జరుపుకుంటూ పోతోంది. "ఇక్కడేదో ఉంది. ఒక్క కాపీ. ఫిబ్రవరి ఇరవై ఏడు రాత్రి."

"ఆ రోజేంటి?"

"నాకేం తెలుసమ్మా? ఆ రాత్రి నాన్న స్విచ్ ఆపలేదు, అంతే. ఏం, మర్చిపోయారా నాన్నా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. ఆయన మర్చిపోవడమేంటి! నాకు అప్పుడు వెలిగింది.

"శివరాత్రి మర్నాడే అది! ఆయన ఆస్పత్రిలో చేరిన రాత్రి. ఇంట్లో ఎవరూ లేరు. ఫోను ఇక్కడే ఛార్జింగు మీద ఉంది, మర్నాడు గానీ తెప్పించుకోలేదు. స్విచ్‌లు ఒక్కటీ ఆపలేదు!"

"అయితే రికార్డింగులన్నీ అప్పటికే..." అంటూ కీర్తన ఏదో నొక్కింది. లాప్‌టాప్‌లోంచి కొంచెం గరగర, వెనక దూరంగా పాత ఇనుము వాడి మైకు, ఆ తర్వాత ఆయన గొంతు.

"ఏమోయ్, గీజర్ స్విచ్ ఆపావా?"

నేను గట్టిగా ఏడ్చేశాను. ఏడుస్తూనే నవ్వాను. పెళ్ళయినప్పటి నుంచీ నన్ను కాల్చుకుతిన్న మాట అది. ఇప్పుడు దాన్ని వదులుకోమంటే ప్రాణం పోయేట్టుంది. కీర్తన వాళ్ళ నాన్న భుజం మీద తల పెట్టుకుంది. ఆయన ఆ లాప్‌టాప్ వంక, నా వంక మార్చి మార్చి చూశారు. తర్వాత పలక మీద రాశారు: "పంపను అన్నావు."

"అన్నాను. అన్నందుకే మిగిలింది" అన్నాను ముక్కు చీదుకుంటూ.

ఆయన లేచి లోపలికి వెళ్ళి, మెడ గుడ్డ అంటించుకునే తెల్ల ప్లాస్టరు తెచ్చారు. నల్లపెట్టె స్విచ్, వైఫై స్విచ్, రెండూ ఆన్‌లో ఉండగానే పైన అడ్డంగా రెండేసి పట్టీలు వేసి, గోటితో గట్టిగా నొక్కారు. కరెంటాఫీసు మనిషి స్విచ్ ఆగకుండా కట్టేయడం మా ఇంటి చరిత్రలో అదే మొదలు.

కీర్తన తన పాత ఫోనులో అన్నీ దించి ఇచ్చింది. రెండో కాపీ తన ఇంట్లోనూ పెట్టుకుంటానంది. ఈసారి ఆయన సరేనన్నట్టు తలాడించారు. రాత్రి ప్రదక్షిణ మాత్రం మానలేదు. అన్నీ ఆపుకుంటూ ఆ ప్లాస్టరు దాకా వచ్చి, చెయ్యి చాచి, వెనక్కి తీసుకుని వెళ్ళి పడుకున్నారు.

మర్నాడు పొద్దున నేను ఉప్మాకి రవ్వ వేయిస్తున్నాను. హాల్లోంచి "ఏమోయ్" అని వినబడింది. ఎప్పటిలాగే ఆఁ అనబోయి ఊరుకున్నాను. రవ్వ మాడుతోంది, అయినా కదల్లేదు. ఇంకోసారి నొక్కనీ అని.

"ఏమోయ్."

ఇంకోసారి.